ముగ్గు చుక్కలు పెట్టే చెయ్యి దూరం వెళ్ళేసరికి తిక్కగా పోతోంది, ఎవరైనా చూడండి

పాలకొల్లు డిప్లొమా:
అందరికీ నమస్కారమండి. వారం రోజుల నుంచి ఒకటే తలనొప్పి. సంక్రాంతికి ముగ్గు చుక్కలు పెట్టే మెషీన్ చేసిస్తానని మా అక్కతో గొప్పగా చెప్పేశా, ఇప్పుడు రోజూ "ఏమైంది నీ మెషీను" అని అడుగుతోంది. ముందు కాగితం మీద మార్కర్‌తో నడిపిస్తున్నా, అది కుదిరితే తర్వాత నేల మీద పెద్దది.

రెండు కీళ్ళ చెయ్యి. బల్ల మీద పడుకున్నట్టు అడ్డంగా తిరుగుతుంది, కాబట్టి బరువు మోయాల్సిన గొడవ లేదు. భుజం నుంచి మోచేయి 130 మిల్లీమీటర్లు, మోచేయి నుంచి పెన్ను మొన 110. రెండు కీళ్ళకీ ఎంజీ996ఆర్ సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటార్లు), పెన్ను ఎత్తి దించడానికి చిన్న ఎస్‌జీ90. వాటిని నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డుయినో యూనో. సర్వోలకి వేరే సప్లై ఇచ్చా, గ్రౌండు కలిపా, దయచేసి మళ్ళీ అది అడగకండి.

భుజం కీలు దగ్గర సున్నా, ఎక్స్ కుడికి, వై ముందుకి. చుక్కలు ఎక్స్ −100 నుంచి 100 దాకా, వై 80 నుంచి 200 దాకా, 20 మిల్లీమీటర్లకొకటి. వరుసకి 11, ఏడు వరుసలు, మొత్తం 77.

దగ్గర వరుసలు బానే పడుతున్నాయి. దూరం వెళ్ళేకొద్దీ కొన్ని చుక్కలకి చెయ్యి ఉన్నట్టుండి కుడివైపుకి బారుగా చాచేసి కాగితం బయట బల్ల మీద గుద్దుతోంది. బల్ల మీద ఆ ఒక్కచోటే నల్లగా మచ్చ పడిపోయింది, అమ్మ చూస్తే నా పని అయిపోయినట్టే. విచిత్రం ఏంటంటే ఇదే లెక్క లాప్‌టాప్‌లో పైథాన్‌లో రాసి బొమ్మ గీయిస్తే 77కి 77 కరెక్టు.

కోడులో ఇన్వర్స్ కైనమాటిక్స్ (పెన్ను ఎక్కడుండాలో చెబితే కీళ్ళ కోణాలు తీసే లెక్క) ముక్క ఇది, ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో కొడుతున్నా, సర్దుకోండి (ఇంట్ అంటే పూర్ణాంకం, ఫ్లోట్ అంటే దశాంశ అంకె, ఏకాస్, ఏటాన్2 కోణం తీసేవి, కన్‌స్ట్రెయిన్ అంకెని రెండు హద్దుల మధ్య ఉంచేది):

ఇంట్ ఎక్స్, వై;
ఫ్లోట్ దూరం = వర్గమూలం(ఎక్స్*ఎక్స్ + వై*వై);
ఫ్లోట్ సి = (దూరం*దూరం − 29000.0) / 28600.0;
సి = కన్‌స్ట్రెయిన్(సి, −1, 1);
ఫ్లోట్ మోచేయి = ఏకాస్(సి);
ఫ్లోట్ భుజం = ఏటాన్2(వై, ఎక్స్) − ఏటాన్2(110*సైన్(మోచేయి), 130 + 110*కాస్(మోచేయి));

తర్వాత రెండిటినీ 180తో గుణించి పై (3.14)తో భాగించి, ఇంట్ చేసి సర్వోకి రాస్తున్నా. 29000 అంటే 130 వర్గం, 110 వర్గం కూడితే వచ్చేది. 28600 అంటే రెండు ఇంటూ 130 ఇంటూ 110.

అమలాపురం తమ్ముడు:
రేడియన్లు డిగ్రీలు కలిసిపోయి ఉంటాయి బ్రో. నాకూ అదే అయ్యింది. లేకపోతే ఏటాన్2లో ఎక్స్ ముందు రాసేసి ఉంటావు.

పాలకొల్లు డిప్లొమా:
డిగ్రీలు మారుస్తున్నా అని రాశా కదా బ్రో. ఏటాన్2లో వై ముందే ఉంది. అది తప్పయితే దగ్గర వరుసలు కూడా తప్పేగా.

అమలాపురం తమ్ముడు:
అయితే చెయ్యి అందట్లేదేమో. దూరంగా ఉన్నవే కదా పోతున్నాయి.

పాలకొల్లు డిప్లొమా:
చెయ్యి మొత్తం చాపితే 240. నా చుక్కల్లో అన్నిటికన్నా దూరంగా ఉన్న మూల చుక్క 100, 200 దగ్గర. అది 223.6 మిల్లీమీటర్లే. అందుతుంది.

కాకినాడ ఎంబెడెడ్:
నీ ఆరు లైన్లూ నా దగ్గరున్న ఈఎస్‌పీ32 అనే ఇంకో రకం బోర్డు మీద ఎక్కించి 77 చుక్కలకీ కోణాలు ప్రింట్ చేయించా. అన్నిటికీ కోణాలు వచ్చాయి, ఒక్కటి కూడా చెడ్డ అంకె లేదు. మొదటి చూపుకి కోడులో తప్పేం లేదు తమ్ముడూ. సర్వో వైరు వదులుగా ఉందేమో చూడు, చెయ్యి చాపినప్పుడు వైరు లాగేసి సిగ్నల్ పోతుంటుంది. నాకు ఒకసారి సరిగ్గా అలాగే అయ్యింది.

పాలకొల్లు డిప్లొమా:
వైర్లు మార్చేశా అన్నా, సర్వోలు కూడా అటుదిటు మార్చి చూశా. అదే తంతు. కరెంటు పోయి వచ్చాక మళ్ళీ మొదటి నుంచి నడిపినా అవే చుక్కల దగ్గర పోతోంది.

రాజోలు మాస్టారు:
"అవే చుక్కల దగ్గర" అన్నావు చూశావా, అక్కడ ఆగు అబ్బాయ్. వైరు వదులైతే ఒకసారి ఒక చుక్క దగ్గరా ఇంకోసారి ఇంకో చుక్క దగ్గరా పోవాలి. ప్రతిసారీ అవే పోతున్నాయంటే అది లెక్క చేస్తున్న పని. ఫార్ములా నేను కాగితం మీద చూశాను, శుభ్రంగా ఉంది, దాని మీద ఇంక కళ్ళు పోగొట్టుకోకండి ఎవరూ. నాకు కావలసింది వేరే. ఒక గళ్ళ కాగితం తీసుకుని 77 చుక్కలూ పెట్టి, సరిగ్గా పడినవాటికి సున్నా, తప్పినవాటికి ఇంటూ కొట్టి ఇక్కడ చెప్పు. "దూరం వెళ్ళేకొద్దీ", "కొన్ని" అంటే పనికిరాదు. ఏ వరుసలో ఏ చుక్కో కావాలి.

పాలకొల్లు డిప్లొమా:
చేశాను మాస్టారూ. కింది నుంచి చెప్తున్నా.
మొదటి వరుస, వై 80: కుడి చివర మూడు తప్పు, ఎక్స్ 60, 80, 100.
రెండో వరుస: కుడి చివరిది ఒక్కటి తప్పు.
మూడు, నాలుగు వరుసలు: అన్నీ రైటు.
ఐదో వరుస, వై 160: రెండు చివర్లూ తప్పు, మిగతా తొమ్మిదీ రైటు.
ఆరో వరుస, వై 180: మధ్యలో ఎక్స్ సున్నా దగ్గర ఉన్నది ఒక్కటే రైటు. మిగతా పదీ తప్పు.
ఏడో వరుస: మొత్తం తప్పు.

కింద కుడి మూలన ఉన్న నాలుగూ ఇన్నాళ్ళూ సరిగ్గా గమనించనేలేదు, దగ్గర వరుసలు బానే ఉన్నాయి అనుకున్నా. అవి బల్ల మీద గుద్దట్లేదు, కాగితం మీదే కొంచెం పక్కకి పడుతున్నాయి.

రాజోలు మాస్టారు:
ఆయ్, ఇదీ కావలసింది. కింద మూల నాలుగూ వేరే జబ్బు, పక్కన పెట్టు, తర్వాత చూద్దాం. లక్షణం వేరు అని నువ్వే చెప్పావు కదా, అవి పక్కకి పడుతున్నాయి, ఇవి గుద్దుతున్నాయి.

పైన 23 తప్పాయి. వాటి అంచు చూడు, అడ్డగీత కాదు, వంపు. ఐదో వరుసలో చివర్లే పోయాయి, ఆరో వరుసలో మధ్యది ఒక్కటే మిగిలింది. భుజం దగ్గర కాంపాస్ గుచ్చి వృత్తం గీస్తే లోపలున్నవి బతికాయి, బయటివి పోయాయి. వ్యాసార్ధం ఎంతో నీ కాగితమే చెబుతుంది. 0, 180 బతికింది, దాని వర్గాల మొత్తం 32400. దాని పక్కనే ఉన్న 20, 180 పోయింది, దాని మొత్తం 32800. ఐదో వరుసలో 80, 160 బతికింది, అది 32000. అంటే గీత 32400కీ 32800కీ మధ్య ఎక్కడో ఉంది. కంప్యూటర్ పనిచేసే మీకు ఆ మధ్యలో తెలిసిన అంకె ఏదన్నా కనబడుతోందా? నేను లెక్కల మాస్టార్ని, ఇంతవరకే నా పని.

కాకినాడ ఎంబెడెడ్:
32767! మాస్టారూ దండం. నా బుర్రకి తట్టనే లేదు. తమ్ముడూ వైరు మాట వెనక్కి తీసుకుంటున్నా.

యూనోలో ఇంట్ అంటే 16 బిట్లు. −32768 నుంచి 32767 దాకానే పడుతుంది. నా ఈఎస్‌పీ32లో ఇంట్ 32 బిట్లు, అందుకే నాకు ఏ తేడా కనపడలేదు. పైథాన్‌లో అయితే పూర్ణాంకానికి హద్దే లేదు, ఎంత పెద్దదైనా పట్టేస్తుంది, అందుకే నీ లాప్‌టాప్‌లో 77 వచ్చాయి. మనిద్దరం తప్పు లేని చోట పరీక్ష చేసి తప్పు లేదని తేల్చేశాం.

జరుగుతున్నది ఇది. 20, 180కి ఎక్స్*ఎక్స్ + వై*వై 32800 రావాలి. పట్టక, పాత బండి మీటరు తిరిగిపోయినట్టు తిరిగి −32736 అవుతోంది. దానికి వర్గమూలం తీయమంటే నాన్ వస్తుంది (హోటల్లో నాన్ కాదు, "ఇది అంకె కాదు" అని చెప్పే గుర్తు). నాన్‌తో ఏ లెక్క చేసినా నాన్. చివర్లో దాన్ని ఇంట్ చేస్తున్నావు, అలా చేస్తే ఏమొస్తుందో సీ భాష హామీ ఇవ్వదు, నీ బోర్డు సున్నా ఇస్తున్నట్టుంది. భుజం సున్నా, మోచేయి సున్నా అంటే ఏంటి? చెయ్యి కుడివైపుకి బారుగా చాచడమే. బల్ల మీద మచ్చ అదే.

పాలకొల్లు డిప్లొమా:
అన్నా రెండు డౌట్లు. ఒకటి, దూరం ఫ్లోట్ అని రాశా కదా, మరి ఇంట్ ఎందుకవుతుంది? రెండు, సి పక్కదారి పట్టకుండా కన్‌స్ట్రెయిన్ పెట్టా కదా, అది ఎందుకు ఆపలేదు?

కాకినాడ ఎంబెడెడ్:
ఒకటి. ఫ్లోట్ అనేది డబ్బా పేరు. డబ్బాలో పోసేలోపే సరుకు పాడైపోయింది. గుణకారం, కూడిక జరిగేటప్పుడు అటూ ఇటూ ఉన్నవి ఇంట్‌లు, కాబట్టి ఆ లెక్క ఇంట్‌లోనే జరుగుతుంది, ఫలితాన్ని తర్వాతే ఫ్లోట్ చేస్తుంది. కింద లైన్లో 29000.0 అని చుక్క సున్నా పెట్టి జాగ్రత్త పడ్డావు, మంచిదే, కానీ అప్పటికే ఆలస్యం.

రెండు. కన్‌స్ట్రెయిన్ చేసేది రెండు ప్రశ్నలు అడగడం, −1 కన్నా చిన్నదా, 1 కన్నా పెద్దదా అని. నాన్‌ని ఏ అంకెతో పోల్చినా జవాబు "కాదు". రెండిటికీ కాదు అంటే హద్దులోనే ఉందనుకుని వదిలేస్తుంది. నాన్ కావాలంటే ఇజ్‌నాన్ అని విడిగా అడగాలి. అది పెట్టు, నాన్ వస్తే పెన్ను ఎత్తేసి చెయ్యి కదపకుండా ఆగిపోమను. బల్ల బతుకుతుంది.

మందు మాత్రం ఒక్క మాట. మొదటి లైన్లో ఇంట్ తీసేసి ఫ్లోట్ ఎక్స్, వై అని పెట్టు.

భీమవరం ఏరేటర్:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. చెరువు గట్ల మీద ఏరేటర్ ప్యానెళ్ళు రిపేరు చేసుకునేవాణ్ణి, ఖాళీ టైములో ఇలాంటి చెయ్యి ఒకటి చేశా, కొలతలు దాదాపు ఇవే, బోర్డు యూనోనే. నాదీ ఇంటే. నాకు ఎప్పుడూ ఇలా కాలేదే? నేను దూరం వేరేగా తీయలేదు, ఎక్స్*ఎక్స్ + వై*వై − ఎల్1*ఎల్1 − ఎల్2*ఎల్2 అని ఒకే లైన్లో రాసి 2.0తో మొదలయ్యే దానితో భాగించా. మరి నాది ఎలా నడుస్తోంది?

రాజోలు మాస్టారు:
మంచి ప్రశ్న అడిగావయ్యా. లెక్క వేసి చూపిస్తాను. అదే 20, 180 తీసుకో. తిరిగిపోయి −32736 అయ్యింది. అందులోంచి 16900 తీస్తే −49636, అదీ పట్టదు, 65536 కలిసి మళ్ళీ తిరిగి 15900 అవుతుంది. 12100 తీస్తే 3800. అసలు జవాబు ఎంత? 32800లోంచి 29000 తీస్తే 3800. వెళ్ళేటప్పుడు ఒక చుట్టు తప్పింది, వచ్చేటప్పుడు అదే చుట్టు తిరిగి సరిపోయింది. గడియారం ముల్లు ముందుకి 13 గంటలు తిప్పి, వెనక్కి 13 తిప్పితే ఉన్నచోటికే వస్తుంది కదా, అలాగ. చివరి జవాబు హద్దులో ఇమిడితే చాలు. ఈ చేతికి అది 28600 దాటదు కాబట్టి ఇముడుతోంది. ఈ అబ్బాయి మధ్యలో ఆగి వర్గమూలం తీశాడు, తిరిగి రావడానికి దారి మూసేశాడు.

కాకినాడ ఎంబెడెడ్:
కానీ అన్నా, దాన్ని నమ్ముకోకండి. ఇంట్ హద్దు దాటితే ఏమైనా జరగొచ్చని సీ రూలు. కంపైలర్ రేపు ఇంకోలా అనుకుంటే మీ చెయ్యీ గుద్దుతుంది. ఫ్లోట్ చేసేయండి.

భీమవరం ఏరేటర్:
అమ్మో, ఇన్నాళ్ళూ అదృష్టం మీద నడిచిందన్నమాట. సాయంత్రం మార్చేస్తా.

పాలకొల్లు డిప్లొమా:
23 చుక్కలూ వచ్చేశాయండీ!!! ఒక్క మాట మార్చా అంతే. వారం రోజులు. నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

మరి కింద కుడి మూలన నాలుగు?

కాకినాడ ఎంబెడెడ్:
నేను నిన్న ప్రింట్ చేసిన లిస్టు మళ్ళీ తీసి చూశా. 60, 80కి భుజం కోణం −2.2. 80, 80కి −8.3. 100, 80కి −11.8. 100, 100కి −2.6. మిగతా 73కీ సున్నా పైనే. సర్వోకి సున్నా కన్నా తక్కువ రాస్తే లైబ్రరీ (సర్వోని నడిపే రెడీమేడ్ కోడు) దాన్ని సున్నా చేసేస్తుంది, అందుకే అవి కొంచెం పక్కకి పడుతున్నాయి. నిన్న "చెడ్డ అంకె లేదు" అన్నాను కానీ మైనస్‌లు చూసి కూడా చూడలేదు, నాన్ ఉందా అని మాత్రమే వెతికా.

అమలాపురం తమ్ముడు:
ఇక్కడ నేను చెప్పొచ్చా? ప్రతి చుక్కకీ రెండు జవాబులు ఉంటాయి కదా, మోచేయి కుడికి మడిచి ఒకటి, ఎడమకి మడిచి ఒకటి. ఆ నాలిగింటికీ మోచేయికి మైనస్ పెట్టేస్తే భుజం ప్లస్ అవుతుంది.

కాకినాడ ఎంబెడెడ్:
కరెక్టే తమ్ముడూ, లెక్కలో కరెక్టు. కానీ వీడి మోచేయి సర్వో సున్నా దగ్గర చెయ్యి బారుగా ఉండేలా బిగించి ఉంది, మైనస్ వైపు తిరగదు. తిరిగినా, చుక్క చుక్కకీ మోచేయి అటు ఇటు ఎగిరితే మధ్యలో పెన్ను ఏ దారిన పోతుందో చెప్పలేం. ఒకే మడత మీద ఉండటం మేలు. దీనికి స్క్రూడ్రైవర్ చాలు. 77 చుక్కల్లో భుజం −12 నుంచి 100 లోపే తిరుగుతోంది. సర్వోకి ఉన్నది 180. సర్వో బాడీని 30 డిగ్రీలు కుడివైపుకి తిప్పి బిగించు, అప్పుడు దానికి −30 నుంచి 150 దాకా అందుతుంది. కోడులో రాసేముందు భుజానికి 30 కలుపు. అయిపోయింది.

పాలకొల్లు డిప్లొమా:
చేశా. నాలుగూ వచ్చాయి. కానీ ఇప్పుడు దగ్గరగా చూస్తుంటే ఇంకో అనుమానం. వరుసలు నిటారుగా లేవు, కొంచెం విల్లులా వంగాయి. పైగా చుక్కల మధ్య ఎడం ఒకలా లేదు, కొన్ని 18, కొన్ని 23. అక్క చూసి "ఇది ముగ్గా, చేపల వలా" అంది.

భీమవరం ఏరేటర్:
ఇది నా డిపార్టుమెంటు. సర్వో హార్న్ (ఇరుసుకి తొడిగే ముక్క) బిగించేటప్పుడు పళ్ళు ఉంటాయి కదా, ఎంజీ996ఆర్‌కి 25. ఒక పన్ను జరిపితే 14.4 డిగ్రీలు. నువ్వు ఎంత జాగ్రత్తగా బిగించినా కరెక్టు కోణంలో కూర్చోదు, దగ్గర్లో ఉన్న పంటి మీద కూర్చుంటుంది. మిగతా తేడా కోడులోనే సర్దాలి. భుజంలో తేడా ఉంటే బొమ్మ మొత్తం కాస్త తిరుగుతుంది, ఆకారం చెడదు, కాగితం తిప్పి పెట్టుకుంటే సరి. వరుసలు వంగాయంటే తేడా మోచేయిది.

మోచేయికి 90 రాసి, భుజం కీలు మధ్య నుంచి పెన్ను మొన దాకా స్కేలు పెట్టి కొలువు. అంచనాగా కాదు, ఇద్దరు పట్టుకుని కొలవండి.

పాలకొల్లు డిప్లొమా:
176 మిల్లీమీటర్లు వచ్చింది.

రాజోలు మాస్టారు:
నిజంగా 90 ఉంటే 29000కి వర్గమూలం, 170.3 రావాలి. 176 వర్గం 30976. అందులోంచి 29000 తీసి 28600తో భాగించు, 0.069. దానికి ఏకాస్ తీస్తే 86 డిగ్రీలు. నీ మోచేయి నాలుగు డిగ్రీలు తక్కువ మడుస్తోంది. నీ ఫార్ములానే వెనక్కి వాడుకున్నాం, చూశావా.

భీమవరం ఏరేటర్:
మోచేయికి 4 కలిపి రాయి. ఎడం ఎగుడుదిగుడు ఎందుకంటే నువ్వు కోణాన్ని ఇంట్ చేస్తున్నావు. 43.9 ఉంటే 43 అయిపోతుంది. చెయ్యి చాపినప్పుడు భుజం దగ్గర ఒక్క డిగ్రీ తేడా, పెన్ను దగ్గర నాలుగు మిల్లీమీటర్లు. డిగ్రీల్లో రాయడం మానేసి మైక్రోసెకండ్లలో (సర్వోకి పంపే సిగ్నల్ పల్సు పొడవు) రాయి. లైబ్రరీ లెక్కలో సున్నాకి 544, 180కి 2400, అంటే డిగ్రీకి పది చిల్లర. అసలు ఆ రెండు అంకెలూ నీ సర్వోకి సరిపోకపోవచ్చు, ఏ సర్వోకి ఆ సర్వో కొలుచుకోవాలి, 30 దగ్గరా 120 దగ్గరా కోణమాని పెట్టి చూసి సరిచేసుకో.

ఇంకోటి. గేర్లలో కాస్త ఆట ఉంటుంది. ఎడమ నుంచి వచ్చి ఆగినప్పుడు ఒకచోట, కుడి నుంచి వచ్చి ఆగినప్పుడు ఇంకోచోట ఆగుతుంది. ప్రతి వరుసా ఎడమ నుంచి కుడికే పెట్టించు, తిరిగి వచ్చేటప్పుడు పెన్ను ఎత్తేసి వట్టిగా రమ్మను. టైము రెట్టింపవుతుంది, అవ్వనీ. నేనైతే కీలుకి ఒక రబ్బరు బ్యాండు కూడా కట్టా, ఎప్పుడూ ఒకవైపుకే లాగి పట్టుకుంటుంది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కానీ పనిచేస్తుంది.

పాలకొల్లు డిప్లొమా:
రాత్రి పదకొండు దాకా కూర్చుని అన్నీ చేశాను. మోచేయికి 4 కలిపా, మైక్రోసెకండ్లు, ఒకే దిక్కు, రబ్బరు బ్యాండు కూడా (అక్క జడ రబ్బరు, తనకి ఇంకా తెలియదు). ఎడం ఇప్పుడు 19 నుంచి 21 లోపే ఉంది. వరుసలు నిటారుగా వచ్చాయి.

ఒకటి మాత్రం అడుగుతా. చుక్కలు అయ్యాయి కదా అని 0, 100 నుంచి 100, 100కి గీత గీయించబోతే గీత వంగిపోతోంది. రెండు చివర్లూ కరెక్టుగానే ఉన్నాయి.

కాకినాడ ఎంబెడెడ్:
అది తప్పు కాదు. రెండు కీళ్ళూ తమ దారిన తాము తిరుగుతూ చివరికి చేరుతున్నాయి, మధ్యలో పెన్ను నిటారుగా పోవాలని వాటికెవరు చెప్పారు? గీతని రెండేసి మిల్లీమీటర్ల ముక్కలు చెయ్యి, ప్రతి ముక్క చివరకీ కోణాలు మళ్ళీ లెక్కపెట్టి పంపు. 100 మిల్లీమీటర్లకి 50 లెక్కలు, యూనో అవలీలగా చేస్తుంది. ముక్కకీ ముక్కకీ మధ్య 20 మిల్లీసెకండ్లు ఆగు, సర్వోకి సిగ్నల్ అంతకన్నా ముందు మారదు.

పాలకొల్లు డిప్లొమా:
సరే అన్నా, రేపు చూస్తా. కానీ గీతల పని అవసరం పడకపోవచ్చు. అక్కకి చుక్కలు చూపిస్తే, "చుక్కలు నీ మెషీన్‌ని పెట్టమను, కలపడం నేను కలుపుకుంటా, దాన్ని నా ముగ్గు జోలికి రానివ్వకు" అంది. నేల మీద పెద్దదానికి చేతులు 400, 350 అనుకుంటున్నా. అప్పుడు వర్గాలు లక్షల్లోకి పోతాయి, ఫ్లోట్ ఉంది కాబట్టి ఫర్వాలేదు కదా మాస్టారూ?

రాజోలు మాస్టారు:
ఫర్వాలేదు. కానీ ఒక్క డిగ్రీ తేడా అప్పుడు పెన్ను దగ్గర 13 మిల్లీమీటర్లు అవుతుంది. ఈ సర్వోలతోనే చేస్తావా?

భీమవరం ఏరేటర్:
చెయ్యొద్దు. స్టెప్పర్ మోటార్లకి వెళ్ళు, బెల్టు పెట్టు. పాత ప్రింటర్లలో దొరుకుతాయి, నా దగ్గర రెండు పడున్నాయి, భీమవరం వైపు వస్తే చెప్పు.